కాకినాడలో రెగ్యులర్ చదువు, ఉండడానికి చోటు: హాస్టల్ ఖర్చుకు సాయం ఎంతవరకు అందుతుంది?

మీరు రాసింది చదివితే నాకు అర్థమైంది ఇది. మీది మలికిపురం దగ్గర ఊరు. నాన్నగారు కౌలు రైతు. చెల్లెలికి కాకినాడలో కన్వీనర్ కోటాలో బీటెక్ సీటు వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి ట్యూషన్ ఫీజు గురించి బెంగ లేదు. కానీ ప్రైవేటు హాస్టల్‌లో నెలకు 6,500 అడుగుతున్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలేజీలో ఉండే పిల్ల ఏ పనీ చేసి సంపాదించుకోలేదు కదా, మరి ఈ ఉండే ఖర్చుకు ప్రభుత్వం ఏమన్నా ఇస్తుందా అని అడిగారు.

ఇస్తుందండి. కానీ మీరు అనుకుంటున్నట్టు నెలనెలా అద్దె కట్టడానికి వీలుగా ఇవ్వదు. ఈ తేడా ముందే తెలియక మా ఇంట్లో రెండేళ్లు ఇబ్బంది పడ్డాం, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. నాన్న కొబ్బరి దింపు తీస్తారు. 2019లో కాకినాడలో డిప్లొమా సీటు వచ్చింది. రోజూ బస్సులో యానాం మీదుగా వెళ్లి రావచ్చని మొదట అనుకున్నాం. నెల రోజులు తిరిగేసరికి నాకు జ్వరం, క్లాసులో నిద్ర. దాంతో కాలేజీకి దగ్గర్లో ఒక ప్రైవేటు హాస్టల్‌లో చేరాను. నెలకు 4,000. అమ్మ డ్వాక్రా గ్రూపులో కొంత తెచ్చింది, మిగతాది నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చింది.

2020 ఫిబ్రవరిలో వసతి దీవెన పథకం మొదలైంది. ఐటీఐ చదివేవాళ్లకు ఏడాదికి 10,000, పాలిటెక్నిక్ వాళ్లకు 15,000, డిగ్రీ ఆపైన చదివేవాళ్లకు 20,000, రెండు విడతల్లో తల్లి ఖాతాలో వేస్తామన్నారు. మొదటి విడతగా 7,500 పడ్డ రోజు అమ్మ ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగింది. ఆ డబ్బు విలువ నేను ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడను. కానీ లెక్క వేసి చూడండి. 15,000ని పది నెలలకు పంచితే నెలకు 1,500. నా హాస్టల్ 4,000. మీ చెల్లెలి విషయంలో 20,000 వచ్చిందనుకున్నా నెలకు 2,000 అవుతుంది, వాళ్లు అడిగేది 6,500.

అంతకంటే పెద్ద చిక్కు తేదీలతో వస్తుంది. హాస్టల్ వాళ్లకు డబ్బు కావలసింది కాలేజీ తెరిచినప్పుడు. పథకం డబ్బు 2021లో ఏప్రిల్ ఆఖర్న విడుదలైంది. 2022లోనూ ఏప్రిల్‌లోనే, 2023లోనూ ఏప్రిల్ ఆఖర్నే. అంటే చదువుల సంవత్సరం చివర. ఈలోగా తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. 2024లో ప్రభుత్వం మారాక ఆ పేరు తీసేసి పాత పేర్లే పెట్టారు. ట్యూషన్ ఫీజు భాగాన్ని ఆర్‌టీఎఫ్ అని, ఉండడానికీ తిండికీ ఇచ్చే భాగాన్ని ఎంటీఎఫ్ అని అంటారు. మీరు కాలేజీలోగానీ మీ ఊరి గ్రామ సచివాలయంలోగానీ అడగాల్సింది ఎంటీఎఫ్ గురించి. పేరు ఏదైనా, దాన్ని నమ్ముకుని నెల అద్దెకు మాట ఇవ్వకండి.

అందుకే నా సలహా ఒక్కటే. ముందు డబ్బు కోసం కాదు, మంచం కోసం తిరగండి. అంటే ప్రభుత్వ హాస్టల్‌లో సీటు కోసం.

కాలేజీ పిల్లలకు సాంఘిక సంక్షేమ శాఖ, బీసీ సంక్షేమ శాఖ, గిరిజన సంక్షేమ శాఖ నడిపే హాస్టళ్లు ఉన్నాయి. కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, భీమవరం లాంటి చదువుల ఊళ్లలో ఆడపిల్లలకు విడిగా ఉంటాయి. అక్కడ అద్దె లేదు, భోజనం ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. ఏ శాఖ హాస్టల్ అయితే ఆ వర్గం వాళ్లకే ఎక్కువ సీట్లు, కానీ కొన్ని సీట్లు ఇతరులకూ కేటాయిస్తారు. మీ కులం ఏమిటో మీరు రాయలేదు. కాబట్టి ఒక్క హాస్టల్‌లో లేదన్నారని ఆగిపోకుండా రెండో శాఖ హాస్టల్‌లో కూడా అడగండి.

ఈ ముక్క నాకు మొదటి ఏడాదే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. డిప్లొమా మూడేళ్లూ నేను అటువైపు వెళ్లలేదు. గవర్నమెంట్ హాస్టల్ అంటే స్కూలు పిల్లలకే అనుకున్నాం, పైగా ‘అక్కడ బాగోదు’ అని ఊళ్లో ఒకరిద్దరు అన్నారు. డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్ పరీక్ష రాసి 2022లో బీటెక్ రెండో ఏడాదిలో చేరినప్పుడు మాత్రం అమ్మా నేనూ నేరుగా బీసీ గర్ల్స్ హాస్టల్‌కి వెళ్లాం. వార్డెన్ మేడమ్ సీట్లు నిండాయన్నారు. అయినా దరఖాస్తు ఇచ్చి, జిల్లా బీసీ సంక్షేమ ఆఫీసులో కూడా ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకున్నాం. నెలన్నర తర్వాత ఫోన్ వచ్చింది. చివరి విడత కౌన్సెలింగ్‌లో కాలేజీ మారినవాళ్లు, ఇంటి మీద బెంగతో వెళ్లిపోయినవాళ్లు ఖాళీ చేసిన మంచాలు ఉంటాయి. మొదటి రెండు నెలల్లో ఇలా ఖాళీలు వస్తుంటాయి. అప్పుడు ఎవరి కాగితం లోపల ఉంటే వాళ్లకే పిలుపు వస్తుంది.

హాస్టల్ ఎలా ఉంటుందో కూడా ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మా గదిలో ఎనిమిది మందిమి. పొద్దున్నే స్నానానికి క్యూ. పరీక్షల ముందు లైటు విషయంలో గొడవలు. అన్నం బాగానే ఉండేది, కూరలు ఒక్కోరోజు నీళ్లలా ఉండేవి. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ డబ్బా లేని ట్రంకుపెట్టె ఒక్కటీ ఉండేది కాదు. కానీ మూడేళ్లు అమ్మ వడ్డీకి ఒక్క రూపాయి తేలేదు. నా వరకు ఆ హాస్టల్ లేకపోతే బీటెక్ లేదు.

కాకినాడలో పేద పిల్లలకు ఉండడానికి చోటు చూపించడం నిన్నా మొన్నా మొదలైంది కాదు. వందేళ్ల కిందట పి.ఆర్. కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు దళిత పిల్లల కోసం ఇక్కడే హాస్టల్ నడిపారు. అంతకుముందు నుంచీ మన గోదావరి జిల్లాల్లో వారాలు చేసుకుని చదువుకోవడం ఉండేది, సోమవారం ఒక ఇంట్లో భోజనం, మంగళవారం ఇంకో ఇంట్లో. ఏ కాలంలోనైనా ఊరు కాని ఊళ్లో చదివే పిల్లకు ముందు కావలసింది పడుకోవడానికి చోటు, రెండు పూటలా అన్నం. డబ్బు రూపంలో వచ్చే సాయం ఆలస్యమైనా తట్టుకోవచ్చు, అన్నం ఆలస్యమైతే తట్టుకోలేం.

సరే, ఎంటీఎఫ్ కోసం మాత్రం దరఖాస్తు మానకండి. హాస్టల్ సీటు రాకపోతే అదే ఆసరా. నేను చివరి ఏడాది డిప్లొమాలో ముగ్గురం కలిసి రూము తీసుకుని వండుకున్నప్పుడు కూడా డబ్బు వచ్చింది, హాస్టల్‌లోనే ఉండాలని అనలేదు. కానీ కోర్సు రెగ్యులర్‌ది అయి ఉండాలి. దూరవిద్య చదివేవాళ్లకు రాదు. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్ వాళ్లకు రాదు. మీ చెల్లెలిది కన్వీనర్ కోటా కాబట్టి ఆ భయం లేదు. హాజరు 75 శాతం తగ్గకూడదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉండాలి, మాగాణి 10 ఎకరాల లోపు ఉండాలి. నాన్నగారు కౌలుకు చేసే పొలం ఆయన సొంత భూమి కాదు, కాబట్టి రికార్డుల్లో ఆయన పేరు మీద ఏముందో ఒకసారి సచివాలయంలో చూపించుకోండి. ఇంట్లో ఎవరైనా ఆదాయపు పన్ను కట్టినా, కారు ఉన్నా ఆరు అంచెల తనిఖీలో ఆగిపోతుంది. దీన్నే అందరూ ‘సిక్స్ స్టెప్’ అంటారు. ట్రాక్టరు, ఆటో ఉంటే ఫరవాలేదు.

దరఖాస్తు కాలేజీ ద్వారా జ్ఞానభూమి పోర్టల్‌లో నమోదవుతుంది. తర్వాత సచివాలయంలో వేలిముద్ర. అక్కడ వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ అని ఒకరు ఉంటారు, ఆయన్నిగానీ ఆవిణ్నిగానీ పరిచయం చేసుకుని పెట్టుకోండి. అర్హుల జాబితా సచివాలయం బోర్డు మీద పెడతారు. పేరు లేకపోతే కారణం రాయించుకుని అక్కడే అభ్యంతరం ఇవ్వాలి.

మాకు జరిగిన పెద్ద నష్టం ఇక్కడే. 2021 ఏప్రిల్‌లో నా స్నేహితులందరికీ డబ్బు పడింది, మాకు పడలేదు. పేరు జాబితాలో ఉంది. సచివాలయంలో అడిగితే ‘సక్సెస్’ అని చూపిస్తోంది. బ్యాంకుకు వెళ్తే రాలేదన్నారు. ఆగస్టులో తెలిసింది, ఉపాధి హామీ కూలి కోసం ఎప్పుడో తెరిచిన వేరే బ్యాంకు ఖాతాకు అమ్మ ఆధార్ ముడిపడి ఉంది, డబ్బు నాలుగు నెలలుగా అందులో పడి ఉంది. ఆధార్ ద్వారా వేసే డబ్బు మనం ఇచ్చిన పాస్‌బుక్ చూసి రాదు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థ రికార్డులో ఆధార్‌కు ఏ ఖాతా లింకై ఉంటే దానికే వెళ్తుంది. ఈలోగా ప్రైవేటు హాస్టల్ ఆవిడ ఆగనంది, మేం కట్టిన 3,000 అడ్వాన్సు కూడా తిరిగి ఇవ్వలేదు. రసీదు లేదు కాబట్టి గట్టిగా అడగలేకపోయాం. ఆ టెన్షన్‌లోనే అమ్మకు బీపీ మొదలైంది. మీరు ఈ వారమే అమ్మగారి ఆధార్, చెల్లెలి ఆధార్ రెండూ ఏ ఖాతాకు లింకై ఉన్నాయో బ్యాంకులో కనుక్కోండి. ఐదు నిమిషాల పని.

మీరు ఎస్సీ అయితే ఇంకో సంగతి. కేంద్రం 2021లో మార్చిన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ నియమాల్లో హాస్టల్‌లో ఉండే పిల్లలకు, ఇంటి నుంచి వచ్చేవాళ్లకు వేరువేరు రేట్లు పెట్టారు. బీటెక్ లాంటి మొదటి గ్రూపు కోర్సులకు హాస్టల్‌లో ఉంటే ఏడాదికి 13,500, డే స్కాలర్ అయితే 7,000. కాబట్టి దరఖాస్తులో ఆ గడి తప్పుగా నింపితే దాదాపు సగం పోతుంది. కాలేజీ క్లర్కు తొందరలో ఏదో ఒకటి నొక్కేస్తారు, పక్కన నిలబడి చూసుకోమనండి.

ఆడపిల్ల, పైగా బీటెక్ కాబట్టి సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ కూడా చూడండి. ఏడాదికి 50,000. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు ఇస్తారు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఎంపిక మార్కులను బట్టి ఉంటుంది, అందరికీ రాదు. ఇంకో ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటుంటే ఇది తీసుకోకూడదన్న షరతు కూడా ఉంది, కాబట్టి కాలేజీలో అడిగి ఏది లాభమో చూసుకుని నిర్ణయించుకోండి. మా రూమ్మేట్‌కి వచ్చింది, ఆమె హాస్టల్ ఖర్చు మొత్తం దాంతోనే గడిచింది.

ఇవేవీ కుదరకపోతే వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లేముందు విద్యా రుణం అడగండి. చాలామందికి తెలియనిది ఏమిటంటే, విద్యా రుణంలో హాస్టల్ ఖర్చు కూడా కలుస్తుంది. బయట రూములో ఉన్నా సబబైన మొత్తం చూపించవచ్చు. 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అక్కర్లేదు. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే, చదువుతున్న కాలానికీ ఆపైన ఇంకో ఏడాదికీ వడ్డీ కేంద్రమే కట్టే పథకం ఉంది. దానికి కాలేజీకి నాక్ గుర్తింపు లేదా ఆ కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు ఉండాలి. ‘ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా, ఇంకా లోన్ ఎందుకు’ అని మేనేజర్ అనవచ్చు. హాస్టల్ ఖర్చుకని రాసి, కాలేజీ నుంచి ఖర్చుల అంచనా కాగితం తీసుకుని వెళ్లండి. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. మా అమ్మ ఆ వడ్డీ మొన్నటిదాకా కట్టింది.

ప్రైవేటు హాస్టల్ తప్పకపోతే ఏడాది డబ్బు ఒకేసారి కట్టకండి, ప్రభుత్వ హాస్టల్ నుంచి పిలుపు వస్తే వెళ్లిపోవాలి కదా. ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. బిల్లులో జీఎస్‌టీ కలిపితే ఒప్పుకోకండి. నెలకు 20,000 లోపు అద్దె ఉండి, వరుసగా 90 రోజులకు తగ్గకుండా ఉండేవాళ్లకు 2024 జులై నుంచి అది మినహాయించారు. ఇంటికి రాకపోకల ఖర్చు మాత్రం ఇప్పుడు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు. మీ మలికిపురం నుంచి రోజూ తిరిగే దూరం కాదు గానీ, వారం వారం ఇంటికి వచ్చి వెళ్లడానికి పనికొస్తుంది.

హాస్టల్ దరఖాస్తుకు అలాట్‌మెంట్ ఆర్డరు, కాలేజీ ఇచ్చే స్టడీ సర్టిఫికెట్, కుల ధ్రువపత్రం, బియ్యం కార్డు, ఆదాయ ధ్రువపత్రం, రెండు ఆధార్లు, పాస్‌బుక్ మొదటి పేజీ, ఫోటోలు పట్టుకెళ్లండి. అన్నీ మూడేసి జిరాక్సులు. చెల్లెల్ని కూడా వెంట తీసుకెళ్లండి, వార్డెన్ మేడమ్ ముందు తన పేరూ ఊరూ తనే చెప్పనివ్వండి. సీటు లేదంటే ఫోన్ నంబరు రాసి ఇచ్చి, పది రోజులకోసారి మళ్లీ కనబడండి. మాకు పిలుపు వచ్చింది అమ్మ నాలుగోసారి వెళ్లొచ్చిన మర్నాడు.