టెక్ సందేహాలు: టవర్ పడిపోయినా మోగే ఫోన్

ప్రశ్న: మాది ఉద్దానంలో కవిటి దగ్గర ఊరు. మిలటరీలో చేసి వచ్చిన మా తాతగారి పెట్టెలో తోలు సంచీ ఫోన్లు రెండు దొరికాయి. వాటి మీద ఈఈ-8 అని ఉంది. తిత్లీ తుఫాను రాత్రి నాన్న జీడితోట షెడ్డులో ఉండిపోయారు. తెల్లారి మనిషి వెళ్లి చూసేదాకా ఆయన ఎలా ఉన్నారో తెలియక అమ్మ పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. ఇంటికీ షెడ్డుకీ 700 మీటర్లు. ఈ ఫోన్లు కలపొచ్చా? హ్యాండిల్ తిప్పితే అవతల గంట మోగుతోంది, నా మాట మాత్రం వెళ్లడం లేదు.

జవాబు: తప్పకుండా కలపొచ్చు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ వైపు కరెంటూ పోయింది, సెల్ సిగ్నలూ పోయింది. ఈ ఫోన్‌కి ఆ రెండింటితోనూ పని లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన ఫోన్ ఇది. మంచి వైరుంటే 10 మైళ్లు దాటి మాట వినపడేది. మీ 700 మీటర్లు దీనికొక లెక్క కాదు.

ముందు మీ సమస్య చూద్దాం. గంట మోగడానికి బ్యాటరీ అక్కర్లేదు. హ్యాండిల్ తిప్పితే లోపలున్న అయస్కాంతాల జనరేటరే కరెంటు పుట్టిస్తుంది. బ్యాటరీ కావలసింది మీ గొంతు పంపడానికి. మౌత్‌పీస్‌లో సన్నటి బొగ్గు రవ్వ ఉంటుంది, మాట అదురుకి ఆ రవ్వ నొక్కుకుని వదులవుతుంటే అందులోంచి పోయే కరెంటు పెరిగి తగ్గుతుంది. అందుకే బ్యాటరీ అందని ఫోన్ మోగుతుంది, అవతలి మాట వినిపిస్తుంది, మీ మాట ఒక్కటే పోదు.

కాబట్టి ముందు బ్యాటరీ అర చూడండి. ఈమధ్య ఒక స్నేహితుడి ఫోన్ విప్పితే పాత సెల్లు ఉబ్బి లోపలే అతుక్కుపోయింది. ఇత్తడి రేకు మీద పచ్చటి చిలుము పొరలా కట్టేసింది. వెదురు పుల్లతో గీకి, నిమ్మరసం ముంచిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, నున్నటి గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్దాం. తర్వాత పెద్ద టార్చిలైటు సెల్సు రెండు వేశాం, అంటే 3 వోల్టులు. రిసీవర్ పిడికి ఉన్న మీట నొక్కి మౌత్‌పీస్‌లోకి ఊదితే ఆ ఊదిన చప్పుడు మన చెవిలోనే వినిపించింది. మీరూ అలాగే పరీక్షించండి. మీట నొక్కకుండా మాట్లాడితే ఏదీ వెళ్లదు, చాలామంది తడబడేది అక్కడే. సెల్సు బాగుండీ వినపడకపోతే బొగ్గు రవ్వ గడ్డకట్టి ఉంటుంది. మౌత్‌పీస్‌ని అరచేతి మీద మెల్లగా తట్టండి. లోపల ఎల్‌బీ (ఫోన్‌లోని సొంత బ్యాటరీ), సీబీ (ఎక్స్ఛేంజీ నుంచి వచ్చే కరెంటు) అని గుర్తులున్న స్క్రూ ఎల్‌బీ వైపే ఉండాలి.

ఇక వైరు. రెండు తీగలు కావాలి. ఫోన్ మీద ఎల్1, ఎల్2 అని ఉన్న బిగింపుల్లో ఏ తీగ దేనికి పెట్టినా ఫర్వాలేదు. అర మిల్లీమీటరు రాగి తీగ రానూపోనూ కిలోమీటరుకి 176 ఓముల నిరోధం వస్తుంది, ఈ ఫోన్లకి ఆ తీగే చాలు. అతుకులు వేసేటప్పుడు రెండు తీగల అతుకులూ ఒకేచోట రానివ్వకండి, జానెడు ఎడం పెట్టి విడివిడిగా టేపు చుట్టండి. సముద్రపు ఉప్పుగాలికి రాగి త్వరగా చిలుము పడుతుంది, ఏడాదికోసారైనా కొసలు గీకి మళ్లీ బిగించాలి. జీడిచెట్ల మీదుగా లాగండి కానీ కరెంటు స్తంభాల జోలికి వెళ్లొద్దు.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెబుతున్నా. హ్యాండిల్ తిప్పినప్పుడు తీగల్లో 80 వోల్టుల పైనే ఉంటుంది. ఆ సమయంలో అవతల ఎవరైనా ఉత్త చేత్తో తీగ పట్టుకుంటే జివ్వుమంటుంది, పిల్లల్ని దగ్గరకి రానివ్వకండి. ఉరుము వినపడేలోపే రెండు చోట్లా తీగలు ఊడదీసి బయటకి వేసేయండి. పిడుగు ఎక్కడో పడ్డా అంత పొడుగు తీగలో కరెంటు పుడుతుంది, చెవి దగ్గర ఫోన్ ఉంటే ప్రాణానికే ముప్పు. పిడుగులు తగ్గి, గాలీ వానా మిగిలినప్పుడే మళ్లీ తగిలించి మాట్లాడండి. వాడని నెలల్లో సెల్సు తీసి విడిగా పెట్టండి.

ప్రశ్న: పంపుసెట్టు దగ్గర మూడో ఫోన్ పెట్టొచ్చా? (సోంపేట)

జవాబు: పెట్టొచ్చు. అదే రెండు తీగలకి తగిలించండి. ఎవరు తిప్పినా మిగతావన్నీ మోగుతాయి కనుక ఇంటికి ఒక గంట, షెడ్డుకి రెండు, పంపుకి మూడు అని పెట్టుకోండి.

ప్రశ్న: ఇలాంటి ఫోన్‌నే మా ఇంటి ఫైబర్ రౌటర్ వెనక ఫోన్ సాకెట్‌కి కలపాలనుంది. (విజయనగరం)

జవాబు: వద్దు. దీనికి డయల్ లేదు, నంబరు కొట్టలేరు. అలవాటుగా ఎవరైనా ఒక్కసారి హ్యాండిల్ తిప్పారంటే ఆ వోల్టేజీకి రౌటర్ సాకెట్ కాలిపోవచ్చు. రెండో ఫోన్ సంపాదించి మేడ మీదకీ కిందకీ మధ్య తీగ లాగండి, దాని అసలు పని చూస్తారు.