సూత్రం కన్నా ముందు మీటరు ప్రోబులు ఎక్కడ పెట్టాలో రాయి

తమ్ముడూ,

వోల్టేజి, కరెంటు తెలిస్తే నిరోధాన్నీ పవర్‌నీ ఎలా లెక్కకట్టాలో చెబుతూ నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, రెండూ గుణిస్తే పవర్. సూత్రాల్లో తప్పేమీ లేదు. అయినా నీ వ్యాసం చదివి సర్క్యూట్ ముందు కూర్చున్న కుర్రాడికి తప్పు జవాబే వస్తుంది. వోల్టేజి, వోల్టేజి అంటూ పోయావు గానీ అది ఏ రెండు చోట్ల మధ్య వోల్టేజో ఎక్కడా చెప్పలేదు.

5 వోల్టుల సప్లై, ఒక ఎర్ర ఎల్ఈడీ, దానికి సిరీస్‌లో, అంటే ఒకే దారిలో వరుసగా, రెసిస్టర్ ఉన్నాయనుకో. 20 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.02 ఆంపియర్, పారాలి. నీ వ్యాసం ప్రకారం 5ను 0.02తో భాగిస్తే 250 ఓమ్‌లు వస్తుంది. కానీ ఎల్ఈడీ తన వంతుగా సుమారు 2 వోల్టులు తీసేసుకుంటుంది, రెసిస్టర్ రెండు కాళ్ల మధ్య మిగిలేది 3 వోల్టులే. కాబట్టి కావలసింది 150 ఓమ్‌లు. 250 పెడితే ఏదీ కాలిపోదు, 12 మిల్లీ ఆంపియర్లతో ఎల్ఈడీ కాస్త మసకగా వెలుగుతుంది. అలా వెలుగుతుంది కాబట్టే ఈ తప్పు ఎవరి కంటా పడదు. అందుకే ప్రతి లెక్కకూ ముందు ‘ఈ వస్తువు రెండు కాళ్ల మధ్య ఇన్ని వోల్టులు, దీని గుండా ఇంత కరెంటు’ అన్న వాక్యం తప్పనిసరిగా రాయి. ఆ వాక్యం ఉంటే సూత్రం పాఠకుడు తానే వేసుకుంటాడు.

యూనిట్ల సంగతి ఒక్క లైనులో దాటేశావు. అక్కడ ఆగాల్సింది. 12 వోల్టులు, 30 మిల్లీ ఆంపియర్లు అంటే 12ను 30తో భాగించి 0.4 ఓమ్ అని రాసేవాళ్లు బోలెడుమంది. అసలు జవాబు 400 ఓమ్‌లు. సులువు దారి చెప్పు: వోల్టులను మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే వచ్చేవి కిలో ఓమ్‌లు, గుణిస్తే వచ్చేవి మిల్లీవాట్లు. ఇదే లెక్కలో పవర్ 360 మిల్లీవాట్లు. చాలామంది చేతికందే పావు వాట్ రెసిస్టర్ తట్టుకునేది 250 మిల్లీవాట్లు మాత్రమే. అది వెంటనే పోదు, వేడెక్కి, పైపూత నల్లబడి, విలువ మారిపోయి, ఆ తర్వాత పోతుంది. లెక్కలో వచ్చినదానికి కనీసం రెట్టింపు రేటింగ్ తీసుకోవాలి. 720 మిల్లీవాట్లు దాటాలంటే అర వాట్ చాలదు, 1 వాట్ పెట్టాలి. పవర్ లెక్క ఎందుకు వేస్తామో పాఠకుడికి అర్థమయ్యేది ఇక్కడే, ఈ చోట తొందరపడకు.

కొలత గురించి ఒక పేరా పూర్తిగా కేటాయించు. వోల్టేజి కొలిచేటప్పుడు మల్టీమీటరు వస్తువుకు సమాంతరంగా ఉండాలి, అంటే దాని రెండు కాళ్ల మీద రెండు ప్రోబులు ఆనించాలి. కరెంటుకైతే సప్లై ఆపి, తీగ ఒకచోట విడదీసి, ఆ ఖాళీలో మీటరు కలపాలి. కరెంటు కొలిచాక ఎర్ర ప్రోబు వైరును ఆంపియర్ సాకెట్‌లోనే ఉంచేసి వోల్టేజి చూడబోతే సప్లై మీటరు గుండా షార్ట్ అవుతుంది, మీటరు ఫ్యూజు పోతుంది. ఓమ్‌ల రేంజి కరెంటున్న సర్క్యూట్‌లో అసలు వాడకూడదు. కొత్తవాళ్లను బ్యాటరీ సర్క్యూట్లతోనే ఆపు, ఇంటి లైన్లలో ప్రోబులు పెట్టమని పొరపాటున కూడా రాయకు.

మీటరులో ఓమ్‌ల రేంజి ఉండగా ఈ భాగాహారం ఎందుకని అడుగుతారు. అర ఓమ్ రెసిస్టర్‌ను నేరుగా కొలిస్తే ప్రోబు వైర్ల 0.2 ఓమ్ కూడా కలిసి 0.7 చూపిస్తుంది. దాని గుండా 1 ఆంపియర్ పంపి, వోల్టేజి ప్రోబులు రెసిస్టర్ కాళ్ల మీదే ఆనిస్తే 0.5 వోల్ట్ కనిపిస్తుంది. వోల్ట్‌మీటరు తీసుకునే కరెంటు అత్యల్పం కాబట్టి దాని వైర్ల నిరోధం లెక్కలోకి రాదు. అయితే ఈ రెసిస్టర్ అర వాట్ మోస్తోంది, కనీసం 1 వాట్‌ది అయుండాలని పక్కనే రాయి.

ఇక ఫిలమెంట్ బల్బు. 230 వోల్టులు, 60 వాట్లు అంటే 0.26 ఆంపియర్, నిరోధం సుమారు 882 ఓమ్‌లు. అదే బల్బును హోల్డరు నుంచి తీసి చల్లగా ఉన్నప్పుడు మీటరు పెడితే అందులో పదో వంతు కూడా చూపించకపోవచ్చు. రెండూ నిజమే. టంగ్‌స్టన్ వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది. మన లెక్క చెప్పేది వెలుగుతున్నప్పటి విలువ. వోల్టేజి సగమైతే పవర్ పావు అవుతుందని నువ్వు రాసిన మాట నిరోధం మారనప్పుడే చెల్లుతుంది. 1000 వాట్ల హీటరు కాయిల్‌కు దాదాపుగా సరిపోతుంది, బల్బుకు సరిపోదు. ఆ షరతు అదే వాక్యంలో చేర్చు.

కరెంటును పైపులో నీళ్లతో పోల్చిన భాగం తీసెయ్. తెగిన పైపులోంచి నీళ్లు కారతాయి, తెగిన తీగలోంచి కరెంటు కారదు. ఆ పోలికను సమర్థించుకోవడానికే నీకు రెండు పేరాలు ఖర్చయ్యాయి.

మోటార్ల ఉదాహరణ మాత్రం ప్రమాదకరంగా ఉంది. 230 వోల్టుల ఏసీ మీద 2 ఆంపియర్లు తీసుకునే మోటారుకు 460 వాట్లు అని రాశావు. అవి వోల్ట్-ఆంపియర్లు. అందులో నిజంగా పవర్‌గా మారే వంతును పవర్ ఫ్యాక్టర్ అంటారు, అది 0.8 అయితే అసలు పవర్ 368 వాట్లే. భాగిస్తే వచ్చే 115 ఓమ్‌లు కూడా వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్ట) నిరోధం కాదు, ఇంపిడెన్స్, అంటే ఏసీకి మోటారు చూపే మొత్తం అడ్డు. దీన్ని సగంలో వదిలేయడం కన్నా ఈ వ్యాసాన్ని డీసీకీ హీటర్ల లాంటివాటికీ పరిమితం చేసి, ఆ మాట మొదటి పేరాలోనే చెప్పెయ్. ఏసీ మోటార్ల మీద విడిగా ఇంకో వ్యాసం రాయి, అది కూడా నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య