మెకానిక్ మాస్టారు జవాబులు: పికప్పులో ఎర్ర డీజిల్ పోయవచ్చా?

ప్రశ్న: మాస్టారూ, డాలస్‌కు ఉత్తరాన, డెంటన్ దాటాక 40 ఎకరాలు కొని ఆవులను పెంచుతున్నాం. వారమంతా ఆఫీసు, శనాదివారాలు పొలం. ట్రాక్టరు కోసం 300 గ్యాలన్ల ట్యాంకు పెట్టించి ఎర్ర డీజిల్ పోయిస్తున్నాం. నా పికప్పు 2019 మోడల్, 6.7 లీటర్ల డీజిల్ ఇంజను. పక్క పొలం పెద్దాయన ‘రెండూ ఒకటే, రంగే తేడా, నేను పాతికేళ్లుగా పికప్పులో అదే పోస్తున్నాను’ అంటున్నాడు. మా ఆవిడేమో ఇంజను పాడవుతుందని అడ్డుపడుతోంది. ఎవరి మాట నమ్మాలి?
— పేరు వేయవద్దన్న పాఠకుడు, టెక్సస్

జవాబు: పెద్దాయన మాట ఈ రోజుకు చాలావరకు నిజం. పాతికేళ్ల కిందటికి మాత్రం కాదు. మీ ఆవిడ భయంలోనూ నిజం ఉంది కానీ, ఆమె అనుమానించవలసింది రంగును కాదు, పొలంలో ఉన్న ఆ ట్యాంకును.

ముందు రంగు సంగతి. రోడ్డు పన్ను కట్టని డీజిల్‌లో ఎర్ర రంగు ఉండాలని ఇక్కడి కేంద్ర పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 1994 జనవరి నుంచి పట్టుబడుతోంది. ఆ రంగును కలిపేది మీ ఊరి డీలరు కాదు. టెర్మినల్‌లో, అంటే డీజిల్ నిల్వ ఉంచే పెద్ద కేంద్రంలో, ట్యాంకరు నింపేటప్పుడే కలుపుతారు. మోతాదు వెయ్యి పీపాలకు, అంటే 42,000 గ్యాలన్లకు, పొడి లెక్కన 3.9 పౌండ్లు. పులుసులో ఇంగువ కూడా ఇంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ రంగు వల్ల ఇంజెక్టరు (ఇంజనులోకి డీజిల్ చిమ్మే ముక్కు) మూసుకుపోయిన బండి నా షెడ్డుకు ఇంతవరకు ఒక్కటీ రాలేదు.

అసలు గొడవంతా గంధకానిది. 2007కు ముందు పొలాలకు వచ్చే ఎర్ర డీజిల్‌లో పది లక్షల భాగాలకు 5,000 భాగాల దాకా గంధకం ఉండవచ్చు. 2007లో దాన్ని 500కు, 2010లో ట్రాక్టర్ల వంటి యంత్రాలు తాగే డీజిల్‌లో 15కు దించారు. రోడ్డు డీజిల్ 2006 నుంచే 15కు మారుతూ వచ్చింది. కాబట్టి ఇప్పుడు డీలరు తెచ్చి పోసే కొత్త ఎర్ర డీజిల్, బంకులో దొరికే తెల్ల డీజిల్ గంధకం లెక్కలో సమానమే. పెద్దాయన మొదట్లో పోసిన సరుకు వేరు, ఆనాటి బండీ వేరు. ఆ పాత ఇంజన్లకు పొగగొట్టంలో వడపోతలు లేవు. ఏది పోసినా నల్లగా వదిలి ముందుకు పోయేవి.

మీ 2019 బండి అలాంటిది కాదు. దాని పొగగొట్టంలో ఒక చిన్న రసాయన కర్మాగారమే ఉంది. ముందు ఆక్సిడేషన్ క్యాటలిస్టు, మసిని పట్టి కాల్చే డీపీఎఫ్, యూరియా ద్రవంతో నైట్రోజన్ ఆక్సైడ్లను విరిచే మరో క్యాటలిస్టు. గంధకం మండితే వచ్చే వాయువు ఆ క్యాటలిస్టుల పూత మీద సల్ఫేటుగా మారి కూర్చుంటుంది. పూత మందగిస్తే మసి సరిగా కాలదు, డీపీఎఫ్ తరచుగా నిండుతుంది, దాన్ని కాల్చుకోవడానికి బండి మాటిమాటికీ అదనపు డీజిల్ తాగుతుంది. మీ డీజిల్ మూత దగ్గర అతి తక్కువ గంధకం ఉన్న డీజిల్ మాత్రమే పోయమన్న చీటీ ఉంటుంది చూడండి. అది ఉబుసుపోక అంటించింది కాదు.

ఇక ట్యాంకు. మూడేళ్ల కిందట ఒక పికప్పును నా షెడ్డుకు లాక్కొచ్చారు. 2012 మోడల్, కొండెక్కేటప్పుడు ఆగిపోయిందట. కింది ఫిల్టరు మూత విప్పి, అందులో ఉన్నదాన్ని పచ్చడి సీసాలోకి దించాను. పావుగంట కదపకుండా ఉంచాను. పైన ఎర్రగా డీజిల్, అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు, రెంటికీ మధ్య నల్లటి జిగురు. ఇక్కడి రైతులు దాన్ని నాచు అంటారు కానీ అది నాచు కాదు. నీరూ డీజిలూ కలిసే హద్దులో బతికే బాక్టీరియా, బూజు. యజమాని సీసా వైపు చూసి, ఎర్రదనం గురించి నేనేమీ అడగకముందే ‘మా తమ్ముడు పోసి ఉంటాడు’ అన్నాడు. నాకు తమ్ముడితో పని లేదు, పంపుతోనే పని. ఆ బండిలో డీజిల్‌ను సుమారు 2,000 బార్ల ఒత్తిడికి తెచ్చే పంపుకు వేరే ఆయిలు ఉండదు, ఆ డీజిలే దాని కందెన. నీళ్లు వెళ్లగానే లోపలి ఇనుము ఇనుముతో రాసుకుంది. ఆ రజను ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టానికీ (దాన్నే రైలు అంటాం), ఎనిమిది ఇంజెక్టర్లకూ పాకింది. అన్నీ మార్చేసరికి బిల్లు పది వేల డాలర్ల దగ్గరకు వెళ్లింది.

పాపం రంగుది కాదని గమనించండి. ఎండకూ చలికీ ఆరుబయట ఉన్న ట్యాంకు సగం ఖాళీగా ఉంటే, రాత్రి చల్లబడినప్పుడు లోపలి గాలిలోని తేమ గోడలకు పట్టి కిందికి కారుతుంది. బంకులో ట్యాంకు తరచుగా ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది. మీ ట్యాంకులో డీజిల్ మూడు, నాలుగు నెలలు నిలవ ఉంటుంది. చలికాలం మీదపడ్డాక కూడా వేసవిలో పోయించినదే ఉంటే, గడ్డకట్టే చలిలో మైనం తేలి ఫిల్టరుకు అడ్డుపడుతుంది. కాబట్టి ట్రాక్టరు కోసమైనా ఆ ట్యాంకుకు నీటిని ఆపే ఫిల్టరు పెట్టించండి. అడుగున కుళాయి ఉంటే నెలకొకసారి తిప్పి నీళ్లు వదలండి. గొట్టం మూతి మట్టిలో పడేయకండి. ఈ చివరిది చెప్పవలసి రావడం నాకు సిగ్గుగా ఉంది కానీ, ఏ పొలానికి వెళ్లినా అది మట్టిలోనే కనిపిస్తుంది.

చట్టం విషయానికొస్తే ఇందులో సందు లేదు. ఫెడరల్ రోడ్డు పన్ను గ్యాలనుకు 24.4 సెంట్లు, టెక్సస్ పన్ను 20 సెంట్లు. రోడ్ల నిధికి డబ్బు సమకూర్చేది ఈ పన్నే కాబట్టి, రోడ్డెక్కని ట్రాక్టరుకూ జనరేటరుకూ మినహాయించారు. న్యాయమైన ఏర్పాటే. మీ పికప్పు ట్యాంకు 34 గ్యాలన్లు అనుకుందాం. ఒకసారి నింపితే మీకు మిగిలేది 15 డాలర్ల పైచిలుకు. పట్టుబడితే ఫెడరల్ జరిమానా 1,000 డాలర్లు, లేదా గ్యాలనుకు 10 డాలర్ల చొప్పున ఎంతైతే అంత, రెంటిలో ఏది ఎక్కువైతే అది. అంటే 66 సార్లు నింపి మిగిల్చినది ఒక్కసారి ఆపితే పోతుంది. రెండోసారి దొరికితే ఆ వెయ్యి రెండు వేలవుతుంది, మూడోసారికి మూడు వేలు. రోడ్డు బండికి పోయాలని నిలవ ఉంచినా తప్పే. 300 గ్యాలన్ల ట్యాంకు ఆ లెక్కలోకి వస్తే 3,000 డాలర్లు. రాష్ట్రం వేసేది వేరు. ‘నా ట్యాంకులో చెయ్యి పెట్టనివ్వను’ అంటారా, తనిఖీని అడ్డుకున్నందుకు మరో వెయ్యి.

తనిఖీ చేసేవాళ్లు తూకం స్టేషన్లలోనే ఉంటారని అనుకోవద్దు. పశువుల సంతకు వచ్చిన పికప్పుల నుంచి కూడా గొట్టంతో నమూనా తీస్తారు. తెల్ల డీజిల్ రెండు, మూడు సార్లు నింపాక కూడా గులాబీ జాడ మిగులుతుంది. ఫిల్టరు కాగితమైతే మార్చేదాకా ఎర్రగానే ఉంటుంది.

పొలంలో పికప్పును కూడా బాగా వాడతారు కదా అని మీకు అనిపించవచ్చు. దానికీ దారి ఉంది. పన్ను కట్టిన తెల్ల డీజిలే పోసుకోండి. అందులో వ్యవసాయ పనికి పొలంలోనే ఖర్చయిన భాగానికి లెక్క రాసుకుంటే, ఏడాది చివర పన్ను రిటర్నుతో పాటు 4136 ఫారం పెట్టి గ్యాలనుకు 24.3 సెంట్లు వాపసు అడగవచ్చు. డాష్‌బోర్డు మీద ఒక చిన్న నోటు పుస్తకం, తేదీ, గ్యాలన్లు, చేసిన పని. మీ పన్నుల లెక్కలు చూసే వ్యక్తికి ఈ ఫారం గురించి మీరే చెప్పండి. ఆఫీసు ఉద్యోగుల రిటర్నులు చేసేవాళ్లు దీన్ని చూసి ఉండరు. ఇంటికి, ఆఫీసుకు, గుడికి తిరిగిన డీజిల్‌ను మాత్రం అందులో కలపకండి.

ప్రశ్న: వేలంలో పాత డీజిల్ పికప్పు కొన్నాను. ఫిల్టరు మార్చబోతే కాగితం ఎర్రగా ఉంది. ఇప్పుడు నన్ను పట్టుకుంటే జరిమానా నాకా?
— ఒక పాఠకురాలు, ఆస్టిన్ దగ్గర

జవాబు: తెలిసి వాడినవారికీ, తెలుసుకోవడానికి తగిన ఆధారం ఉన్నవారికీ ఆ జరిమానా. నిన్నటిదాకా మీకు తెలియదు. ఫిల్టరు చూశారు కాబట్టి ఇక తెలియదనలేరు. ట్యాంకు మొత్తం దింపించండి. డీజిల్ ఫిల్టర్లు ఎన్ని ఉంటే అన్నీ మార్చండి. కొన్ని పికప్పులకు ఒకటి చట్రం కింద, మరొకటి పైన ఇంజను దగ్గర ఉంటుంది, చాలామంది పైదాన్ని మరిచిపోతారు. బిల్లులు, ఆ ఎర్ర ఫిల్టరు ఫొటో, వేలం కాగితాలు ఒకచోట ఉంచండి. దింపిన డీజిల్‌ను పారబోయకండి, ట్రాక్టరు ఉన్నవారెవరికైనా ఇవ్వండి. అయితే ఎర్ర క్యానులో పోసి ఇవ్వకండి. ఈ దేశంలో ఎర్ర క్యాను పెట్రోలుది, డీజిల్‌కు పసుపు. ఎర్ర డీజిల్ కదా అని ఎర్ర క్యానులో పోసి, తరువాత అదే క్యాను గడ్డికోసే మిషనులో ఒంపినవారు నాకు తెలుసు.

ప్రశ్న: బ్లీచు కలిపితే ఎర్ర రంగు పోతుందని మా స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?
— ఓక్లహామా నుంచి

జవాబు: బ్లీచు అంటే చాలావరకు నీళ్లు. పైన పచ్చడి సీసా కథ చదవండి. రంగును కావాలని పలచబరచడం, తీసేయడం చట్టం ప్రకారం విడిగా మరో తప్పు. రోడ్డు మీద వాడితే పడే జరిమానా మళ్లీ వేరు. మీ స్నేహితుడి దగ్గర బండి అప్పు తీసుకోకండి.

ప్రశ్న: హార్వీ తుపాను సమయంలో హ్యూస్టన్‌లో ఎర్ర డీజిల్ రోడ్డు మీద వాడుకోమని ప్రభుత్వమే చెప్పిందని విన్నాను. అంటే ఇంజనుకు ఏమీ కాదనే కదా?
— కేటీ నుంచి

జవాబు: విన్నది నిజమే. 2017 ఆగస్టు 25 నుంచి కొన్ని వారాల పాటు టెక్సస్‌లో ఐఆర్‌ఎస్ ఆ జరిమానాను ఆపింది. తెల్ల డీజిల్ దొరకని రోజులవి. కానీ పన్ను మాఫీ చేయలేదు. వాడినవారో అమ్మినవారో గ్యాలనుకు 24.4 సెంట్లు కడితేనే వాడినవారికి ఆ వెసులుబాటు. ఇంజనుకు ఏమీ కాదా అంటే, గంధకం 15 దగ్గర ఉన్న కొత్త ఎర్ర డీజిల్ వల్ల కాదు. మరో తుపాను వస్తే ఆ సడలింపు దానంతట అది రాదు. ప్రకటన వచ్చిందా, ఏ రాష్ట్రానికి, ఏ తేదీ దాకా అని చూసుకున్నాకే గొట్టం పట్టుకోండి.

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, అతని దగ్గర మీ శీర్షిక చదువుతుంటాను. మన దగ్గర రైతులకు ఇలా రంగు డీజిల్ ఎందుకు లేదు?
— గుంటూరు నుంచి ఒక పెద్దమనిషి

జవాబు: మన దగ్గర ట్రాక్టరూ లారీ ఒకే బంకులో, ఒకే ధరకు పోయించుకుంటాయి. సముద్రం మీదికి వెళ్లే మత్స్యకారుల బోట్లకు డీజిల్ రాయితీ ఉన్నా దానికి రంగు లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి మన డీజిల్‌లో గంధకం పది లక్షలకు 10 భాగాలకు మించకూడదు. ఇక్కడి 15 కంటే అదే తక్కువ.

రంగు వేసింది మనవాళ్లు కిరోసిన్‌కు. రేషను కిరోసిన్ నీలంగా ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. నేను విజయవాడ ఆటోనగర్‌లో పంపు, నాజిల్ షాపులో పని నేర్చుకుంటున్న రోజుల్లో ఆ కిరోసిన్ తాగిన లారీల మైకో పంపులు (ఇంజెక్టర్లకు డీజిల్ నెట్టేవి) బల్ల మీదికి వచ్చేవి. విప్పితే ఎలిమెంట్ల మీద, అంటే లోపల కదిలే కడ్డీల మీద, నిలువు గీతలు. కిరోసిన్‌కు డీజిల్ అంత జిడ్డు ఉండదు, లోహం అరిగిపోతుంది. మా మేస్త్రి పంపులో మిగిలినదాన్ని రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, ఓనరు వైపు తిరిగి ‘దీపంలో పోయాల్సింది లారీలో పోశారా?’ అని అడిగేవాడు. ఓనరు ఎప్పుడూ డ్రైవరు వైపు చూసేవాడు.