ఎలక్ట్రానిక్ సంగీతం వినాలనుకుంటున్న మేనల్లుడికి

అల్లుడూ,

పది ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌ల పేర్లు చెప్పమని మెసేజ్ పెట్టావు. పేర్లు పంపడం రెండు నిమిషాల పని. కానీ పెద్ద పెద్ద లిస్టులు ముందేసుకుని మొదలుపెట్టినవాళ్లు మూడో ఆల్బమ్ దగ్గరే వదిలేయడం చాలాసార్లు చూశాను. "ఒకటే కొట్టుడు, ఇందులో పాట ఏది?" అంటారు. అందుకే ఏది ముందు వినాలి, ఎలా వినాలి అన్నది కూడా రాస్తున్నాను. పది కాకపోవచ్చు, తక్కువే ఉంటాయి.

ముందు, పల్లవి కోసం వెతకడం మానెయ్. బోనాలప్పుడు తీన్మార్ డప్పుల ముందు నువ్వు గంటసేపు ఆడతావు. అక్కడ పాట లేదు, మాట లేదు, అయినా విసుగు రాదు. డప్పు కొట్టే ఆయన అదే దరువులో ఒక దెబ్బ తీసేస్తాడు, ఇంకోచోట ఒకటి కలుపుతాడు. ఆ తేడా నీ మెదడు కంటే ముందు నీ కాలికి తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతంలో హౌస్, టెక్నో అనే రకాలు కూడా ఇలాగే నడుస్తాయి. కిక్ డ్రమ్, అంటే 'ధమ్' అనే ఆ లావు దెబ్బ, ఆగకుండా సమంగా పడుతుంటుంది. నిమిషానికి 120 దెబ్బలు అనుకుంటే సెకనుకు రెండు. నాలుగు దెబ్బలకు ఒక బార్. ఎనిమిది బార్లకో పదహారు బార్లకో ఏదో ఒకటి వచ్చి చేరుతుంది, లేదా తప్పుకుంటుంది. చప్పట్ల శబ్దం కావచ్చు, కింది స్వరాల్లో నడిచే బేస్ కావచ్చు. పదహారు బార్లంటే 32 సెకన్లు. మొదట్లో వేళ్ల మీద లెక్కపెట్టు. కొన్నాళ్లకు లెక్క అక్కర్లేకుండానే మార్పు వచ్చే చోటు తెలిసిపోతుంది. ఈ సంగీతంలో రుచి అంతా అక్కడే ఉంది.

రెండోది, ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకు. ఇన్నేళ్లు సౌండ్ సర్వీస్ నడిపినవాడిగా గట్టిగా చెబుతున్నా. కిక్ డ్రమ్ అసలు బలం 50, 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫోన్‌లోని ఆ చిన్న స్పీకర్ వంద హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. అంటే సగం సంగీతం నీ చెవికి చేరదు. మామూలు వైర్ ఇయర్‌ఫోన్ చాలు, ఖరీదైనది కొనకు. బేస్‌ను పెంచే 'బేస్ బూస్ట్' సెట్టింగ్ ఆఫ్ చెయ్. ఒక ట్రాక్‌ను ఇంకోదానిలో కలిపేసే క్రాస్‌ఫేడ్ కూడా ఆఫ్ చెయ్, ఆల్బమ్ చేసినవాళ్లు ఎక్కడ కలపాలో వాళ్లే కలిపి పెట్టారు. వాల్యూమ్ విషయంలో జాగ్రత్త. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చని, 90 అయితే 4 గంటలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జనరేటర్ పక్కన, బేస్ బాక్సుల ముందు బతికిన మా పనివాళ్లలో చెవులు మందగించినవాళ్లు ఉన్నారు. నీకు అలా కావద్దు.

ఇక ఆల్బమ్‌లు. మొదటిది మన దేశానిదే. చరణ్‌జీత్ సింగ్ అని బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాలలో వాయించిన ఆయన 1982లో 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' అని ఒక రికార్డు చేశారు. రోలాండ్ కంపెనీ మెషీన్లు మూడు, కరెంటుతో స్వరాలు పుట్టించే జూపిటర్-8 సింథసైజర్ కీబోర్డు, టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బేస్ మెషీన్, వాటి మీద పది హిందుస్తానీ రాగాలు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఎందుకంటే అదే 303 మెషీన్‌తో షికాగో కుర్రాళ్లు యాసిడ్ హౌస్ అని కొత్త సంగీతం మొదలుపెట్టింది ఈ రికార్డు వచ్చిన కొన్నేళ్లకు. 1987లో వచ్చిన ఫ్యూచర్ బృందం 'యాసిడ్ ట్రాక్స్' దానికి పేరు తెచ్చింది. వాళ్లు ఈయన్ను విని చేయలేదు, ఈయనకు వాళ్లు తెలియదు. 303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఏర్పాటు ఉంది. ఆ జారుడే రాగానికి కావలసింది, డ్యాన్స్ ఫ్లోర్‌కూ కావలసింది.

నువ్వు భూపాలి రాగంతో మొదలుపెట్టు, అది మన కర్ణాటక సంగీతంలో మోహన. తర్వాత మాల్కౌన్స్, అది మన హిందోళం. అమ్మమ్మ పెట్టుకునే రేడియోలో ఈ రెండూ నీ చెవిన పడే ఉంటాయి. స్వరాలు తెలిసినవే కాబట్టి నీ ధ్యాస అంతా కింద నడిచే మెషీన్ మీద పెట్టొచ్చు. అందుకే దీన్ని మొదట పెట్టాను. ఒక వారం ఇది తప్ప ఇంకేదీ వినకపోయినా నష్టం లేదు.

తర్వాత జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్‌కు చెందిన క్రాఫ్ట్‌వెర్క్. వాళ్ల 1977 ఆల్బమ్ 'ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్'ను రైల్లోనే విను. కాజీపేటలో ఎక్కి సీటు దొరకగానే మొదలుపెడితే జనగామ ప్రాంతానికి పూర్తవుతుంది. టైటిల్ ట్రాక్‌లో పట్టాల మీద చక్రాల శబ్దమే దరువు. మన బండి చప్పుడు, వాళ్ల బండి చప్పుడు కలిసిపోయి ఒక్కటే వినిపించే ఘడియ ఒకటి వస్తుంది. దాని కోసమైనా సికింద్రాబాద్ బస్సు మానేసి రైలెక్కు. న్యూయార్క్‌లో ఆఫ్రికా బంబాటా 1982లో చేసిన 'ప్లానెట్ రాక్'లో ఈ రైలు బాణీయే ఉంది, అది కూడా వెతికి విను.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. డ్యాన్స్ సంగీతాన్ని ఆల్బమ్‌లతోనే కొలిస్తే సగం తప్పిపోతుంది. షికాగో హౌస్, డెట్రాయిట్ టెక్నో ఎక్కువగా పన్నెండు అంగుళాల సింగిల్ రికార్డులుగా వచ్చాయి, డీజేలు వాడుకోవడానికి. కాబట్టి డెట్రాయిట్‌కు ఒక సంకలనం తీసుకో, 1988లో లండన్ నుంచి వచ్చిన 'టెక్నో! ది న్యూ డ్యాన్స్ సౌండ్ ఆఫ్ డెట్రాయిట్'. టెక్నోకు దారి వేసిన హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ ముగ్గురూ అందులో ఉన్నారు. అలాగే డోనా సమ్మర్ పాడగా జార్జియో మొరోడర్ 1977లో చేసిన 'ఐ ఫీల్ లవ్' ఒక్క పాటే విను. దానిలోని ఆగని బేస్ ఇవాళ మన గణేశ్ నిమజ్జనం డీజే బండ్ల దాకా నడిచి వచ్చింది. ఆ డీజే పాటలను చిన్నచూపు చూడకు. జానపదం కింద కిక్ పెట్టి వీధిని ఆడించడం కూడా ఈ విద్యే. నాకు కోపం వచ్చేది బాక్సులు పగిలేలా, గొంతు మునిగేలా పెట్టినప్పుడే.

తర్వాత డఫ్ట్ పంక్ అనే ఫ్రెంచి జంట మొదటి ఆల్బమ్, 1997 నాటి 'హోమ్‌వర్క్'. అందులో 'టీచర్స్' అనే ట్రాక్‌లో తాము ఎవరెవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల పేర్లు వరసగా చెబుతారు. నాకు తెలిసిన మంచి లిస్టు అది. ఒక్కో పేరు రాసుకుని వెతుక్కుంటూ పోతే ఏడాదికి సరిపోతుంది.

నెమ్మదివి కావాలంటే బ్రిస్టల్ నుంచి మాసివ్ అటాక్ వాళ్ల 'బ్లూ లైన్స్', 1991. చదువుకునేటప్పుడు బ్రయాన్ ఈనో 1978లో చేసిన 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' పెట్టుకో, నీ ధ్యాస చెదరగొట్టదు. ఎఫెక్స్ ట్విన్ 'సెలెక్టెడ్ యాంబియంట్ వర్క్స్ 85-92' మాత్రం పొద్దున భద్రకాళి చెరువు బండ్ మీద నడుస్తూ విను. దానికి నడక కావాలి, హాస్టల్ గది సరిపోదు. బరియల్ 2007 ఆల్బమ్ 'అన్‌ట్రూ' వానాకాలానికి దాచిపెట్టు.

స్టేడియం పండుగల్లో మోగే సంగీతం, ఒక్క పెద్ద 'డ్రాప్' కోసం అందరూ చేతులెత్తి ఎదురుచూసేది, దాన్ని ఈ ఏడాది పక్కన పెట్టు. చెడ్డదని కాదు. మొదటే అది అలవాటైతే చిన్న మార్పులు వినే ఓపిక చెవికి రాదు.

ఏది నచ్చిందో రాయి. 'హోమ్‌వర్క్' లాగితే షికాగో వైపు పంపిస్తాను, అక్కడి హౌస్ డీజే ఫ్రాంకీ నకల్స్‌తో మొదలుపెట్టి. ఎఫెక్స్ ట్విన్ లాగితే స్కాట్లాండ్‌కు చెందిన బోర్డ్స్ ఆఫ్ కెనడా 1998 ఆల్బమ్ తీసుకో, నా ఉత్తరం కోసం ఆగకు. పరీక్షలు అయ్యాక హనుమకొండ వస్తే నా దగ్గర ఇంకా రెండు మంచి బేస్ బాక్సులు ఉన్నాయి, డెట్రాయిట్ సంకలనం వాటి మీద వినిపిస్తాను. అక్కకు నేను అడిగానని చెప్పు.

నీ మామ