శబ్దం వింతగా పలికే చోటు వెతకాలంటే

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు. మన ఊళ్ళో శబ్దం వింతగా పలికే చోట్లు ఎలా వెతకాలని అడిగావు కదా, చెబుతున్నా విను.

గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినబడుతుంది. అది కావాలని కట్టింది. మన తిరుపతిలో నువ్వు వెతకాల్సినవి ఎవరూ అనుకోకుండా ఏర్పడినవి: రైలు కట్ట కింది అండర్‌బ్రిడ్జీలు, శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ స్తంభాల మధ్య చోట్లు, అపార్ట్‌మెంట్ సెల్లార్లు, పాత వీధుల ఇరుకు సందులు.

తెల్లవారుజామున నాలుగున్నరకల్లా బయలుదేరు. బస్టాండు, స్టేషను పక్కల మాత్రం ఎప్పుడూ రద్దీయే, వదిలెయ్. జానెడు పొడవున్న టేకు చెక్క ముక్కలు రెండు కోయించుకో. చప్పట్ల కంటే వాటి దెబ్బ పదునుగా, ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. ఒక్క దెబ్బ కొట్టి, మూడు సెకన్లు ఆగి విని, రెండడుగులు వేసి మళ్ళీ కొట్టు. ఆగకుండా కొడితే ఒకదాని మోత ఇంకోదాని మీద పడి ఏమీ తెలియదు.

ఎదురెదురు గోడలున్న సందులో జుయ్‌మని మోగుతుంది. సందు ఒకటిముప్పావు మీటర్ల వెడల్పుంటే, శబ్దం రెండు గోడల మధ్య సెకనుకు సుమారు 100 సార్లు రానుపోను తిరుగుతుంది. ఒక గోడ కాస్త ఏటవాలుగా ఉన్నా ఆ మోత పోతుంది. ప్రతిధ్వని విడిగా వినబడాలంటే గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలి. ఆ దూరం టేపు లేకుండానే కొలవచ్చు. ప్రతిధ్వని వచ్చే క్షణానికే తర్వాతి దెబ్బ పడేలా లయ కుదుర్చుకో. మొదటి దెబ్బను సున్నా అనుకుని ఇరవై వరకు లెక్కపెట్టు. ఆరు సెకన్లు పడితే ఒక్కోదానికి 0.3 సెకను. 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు 349 మీటర్లు పోతుంది కాబట్టి, రానుపోను లెక్కలో సగం చేస్తే గోడ 52 మీటర్ల దూరంలో ఉన్నట్టు.

అన్నిటికంటే కష్టంగా దొరికేది వంపు కప్పు కింది చోటు, నా దృష్టిలో విలువైనదీ అదే. కమాను సగం వృత్తమైతే దాని కేంద్రం, వంపు మొదలయ్యే ఎత్తులోనే ఉంటుంది. అది మూడడుగులే అయితే నిలబడి ఎంత కొట్టినా లాభం లేదు, గొంతుక్కూర్చుని తల ఆ ఎత్తుకు తేవాలి. సరిగ్గా కుదిరితే నీ మాట నీ చెవిలోనే ఎవరో చెప్పినట్టు పలుకుతుంది. అరడుగు జరిగితే మాయం. అందుకే అడుగడుక్కీ సుద్దతో గుర్తు పెట్టుకుంటూ వెతుకు.

కాలేజీ గ్రౌండు గ్యాలరీ మెట్లూ వదలకు. పది మీటర్ల ముందు, నడిమికి ఎదురుగా నిలబడి కొట్టు. ఒక్కో మెట్టు నుంచి శబ్దం కాస్త ఆలస్యంగా తిరిగొచ్చి, అన్నీ కలిసి ఒక కూతలా వినబడతాయి. మెట్టు వెడల్పు తక్కువైతే కూత సన్నగా ఉంటుంది.

రికార్డింగుకు ఫోనులో నాయిస్ రిడక్షన్ ఆపేసే యాప్ వాడు. లేకపోతే ఫోను ప్రతిధ్వనిని రణగొణ అనుకుని తుడిచేస్తుంది. నిన్న మోగిన చోట ఇవాళ మోగకపోతే చుట్టూ చూడు: ఎవరో కారు పెట్టుంటారు, ఫ్లెక్సీ కట్టుంటారు, దుప్పట్లు ఆరేసుంటారు.

గుళ్ళో చెక్కలు బయటికి తీయొద్దు. మండపంలో కూర్చుని గంట మోత ఎంతసేపు నిలుస్తుందో విను, చాలు. కపిల తీర్థానికి జలపాతం ఎండిన వేసవిలో వెళ్ళు, వానల్లో నీటి హోరు తప్ప ఇంకేమీ వినపడదు. బెలూన్లు పగలగొట్టడం అసలే వద్దు, అలిపిరి దగ్గరైతే జనం హడలిపోతారు. సెల్లార్‌కు వాచ్‌మన్‌ను అడిగే వెళ్ళు. సంపుల్లోకి, ఖాళీ నీళ్ళ ట్యాంకుల్లోకి ఎంత బాగా మోగినా దిగొద్దు నాయనా, లోపల గాలి చాలక ప్రాణం పోతుంది. మూత దగ్గర నుంచే విను.

మీ పెద్దమామ