ఫ్రాక్టల్ చిత్రాలు (ఎంత దగ్గరగా చూసినా అదే తరహా ఆకృతులు మళ్లీ మళ్లీ కనిపించే బొమ్మలు) తయారు చేయడానికి ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఏది మంచిది?

కొత్తవారైతే క్సావోస్ (XaoS) అనే ప్రోగ్రాముతోనే మొదలుపెట్టండి. మౌస్ ఎడమ బటన్ నొక్కి పట్టుకుంటే చాలు, మాండెల్‌బ్రాట్ సమితి అనే ప్రసిద్ధ ఫ్రాక్టల్‌లోకి ఆగకుండా దూసుకుపోవచ్చు. ప్రతి ఫ్రేమునూ మొదటి నుంచి లెక్కించకుండా, అంతకు ముందు ఫ్రేములోని బిందువులను వీలైనంత వరకు మళ్లీ వాడుకోవడమే ఆ వేగానికి కారణం. 1990ల నాటి కంప్యూటర్ల కోసమే పుట్టిన ఆలోచన ఇది, ఎంత గొప్పదో చూడండి! ఏదైనా బిందువు మీద మౌస్ ఉంచి ఎం కీ నొక్కితే దానికి సంబంధించిన జూలియా సమితి అనే మరో ఫ్రాక్టల్ కనిపిస్తుంది.

బాగా లోతుకు వెళ్లేసరికి బొమ్మ గళ్లుగళ్లుగా మారుతుంది. మామూలుగా కంప్యూటర్ లెక్కించే దశాంశ సంఖ్యల కచ్చితత్వం సుమారు 16 అంకెలకే పరిమితం కదా. ఇంకా లోతు కావాలంటే కాలెస్ ఫ్రాక్టాలర్ వాడాలి. త్రిమితీయ ఆకృతులకు నా ఓటు మాండెల్‌బల్బర్‌కే. గ్రాఫిక్స్ కార్డు ఉంటే లెక్కల భారాన్ని దానికి అప్పగించవచ్చు. జ్వాలల్లాంటి ఫ్రాక్టల్స్‌కు జెవైల్డ్‌ఫైర్ ఉంది.