పేలికల పని మొదలుపెట్టిన మా అమ్మాయికి

చి. శిరీషకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన గోడపలక ముక్క అందింది. టైలరు షాపు పేలికలతో చేశానంటే మీ పెద్దమ్మ నమ్మలేదు. చూడ్డానికి బాగుంది, వాసనే బాగోలేదు. రెజిన్ జిగురు పోశావు కదూ? అది గట్టిపడ్డాక ఆ గుడ్డ ఇంక దేనికీ పనికిరాదు. పలక విరిగిన రోజు చెత్తకుప్పే గతి.

అసలు జిగురు అక్కర్లేని దారి ఉంది. పత్తి గుడ్డను సన్నగా తరిగి, నానబెట్టి బాగా నలగ్గొడితే పోగులు విచ్చుకుంటాయి. ఆరేటప్పుడు అవే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. చేతికాగితం అయ్యేది అలాగే. మందంగా పోసి నొక్కితే అట్ట కూడా వస్తుంది. తడి తగిలే గోడకు మాత్రం వద్దు. పాలిస్టర్ నీళ్లు పీల్చదు, కాబట్టి పట్టూ ఇవ్వదు.

అందుకే ముందు ఏరాలి. అనుమానం వస్తే ఒక పోగు పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ల పళ్లెం పెట్టి కాల్చు. పత్తి అయితే కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. పాలిస్టర్ కరిగి గట్టి నల్లపూసలా మిగులుతుంది. ఉన్ని అయితే జుట్టు కాలిన కంపు. పత్తీ పాలిస్టరూ కలిసిన గుడ్డలే మనల్ని మోసం చేస్తాయి. లైక్రా, అదే సాగే పోగు, ఇంకా దొంగది. ఒకసారి నేను చూసుకోకుండా లెగ్గింగ్స్ ముక్కలు కలిపేశాను. కాగితం నిండా వెంట్రుకల్లాంటి పోగులు! సరుకంతా తిరిగొచ్చింది. తప్పు నాదే, ఎవరినీ అనడానికి లేదు.

మళ్లీ నూలు తీద్దామని రాశావు. తీయొచ్చు, కానీ మంచి పత్తి పోగు 28, 30 మిల్లీమీటర్లుంటే, గుడ్డను చించాక అంత పొడవు మిగలదు. కొత్త దూది కలిపినా ముతక నూలే వస్తుంది. జంపఖానాలకు, దుప్పట్లకు అది చాలు. చీరలు మర్చిపో.

పానిపట్‌లో పాత స్వెటర్లను రంగులవారీగా ఏరి, చించి, ఏకి షాడీ అనే పాతగుడ్డల నూలు వడుకుతారు. ఎరుపు కుప్పలోంచి ఎర్ర నూలే వస్తుంది కాబట్టి అద్దకం పని చాలావరకు తప్పుతుంది. 1813లో ఇంగ్లండులోని బాట్లీలో బెంజమిన్ లా మొదలుపెట్టిన పద్ధతి అది. మీ కాలేజీలో డిజైన్ అంటే ఏం చెబుతారో గానీ, నాకైతే ఆ ఏరడంలోనే సగం డిజైన్ కనిపిస్తుంది.

నువ్వూ బొమ్మ గీసే ముందు టైలరు దగ్గర ఒక గంట కూర్చో. కత్తెర బల్ల కింద రెండు సంచులు కట్టు, పత్తికొకటి, మిగతా వాటికొకటి. ఊరికే చెయ్యమంటే చెయ్యడు. కిలోకి ఇంత అని మాట్లాడుకో. ఏరని ముక్కలు చవగ్గా వస్తాయని ఆశపడకు, ఏరడానికి పెట్టే కూలీ దానికి రెట్టింపు అవుతుంది.

ముక్కు, నోటికి మాస్కు లేకుండా దూది ఏకే మిషను దగ్గరికి వెళ్లకు. మిల్లులో ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాళ్లను చూశాను. వానాకాలానికి ముందే కాగితాలన్నీ ఆరబెట్టుకో, లేకపోతే బూజు పడుతుంది.

దసరాకి వచ్చేటప్పుడు ఆ షాపు ముక్కలు ఒక సంచెడు తీసుకురా. పెరట్లో కూర్చుని కాల్చి చూద్దాం.

నీ పెదనాన్న